రెండు ఫోన్లలో సింహలగ్నం

మా కంపెనీ యాప్‌లు చేయదు, యాప్‌లు చేసేవాళ్లకు పనిముట్లు చేస్తుంది. ప్రోగ్రామ్ ఒక్కసారి రాస్తే రెండు రకాల ఫోన్లలోనూ నడుస్తుంది. ఆఫీసు కలకత్తాలో ఉంది. నేను ఆదోనిలో ఇంట్లోనే కూర్చుని పని చేస్తాను.

నాన్న పురోహితుడు. ఆయన ముహూర్తం పెడితే ఎమ్మిగనూరు దాకా ఎవరూ ఇంకొకరిని అడగరు. ఆ మంచిపేరు తప్ప ఆయన కూడబెట్టిందేమీ లేదు. నా పని ఏమిటో చూపించాలని, మా పనిముట్టుతోనే ఆయనకొక పంచాంగం యాప్ చేసిచ్చాను. లగ్నాలు ఊరిని బట్టి మారతాయి కాబట్టి, తెరవగానే అది మనమెక్కడున్నామో అడుగుతుంది.

“మనం యాడుండేది దానికెందుకు చెప్పల్ల?” అని నాన్న వద్దని నొక్కేశాడు. అయినా యాప్ ఆగలేదు, లగ్నాలు చూపించింది.

ఆ వైశాఖంలో ఎమ్మిగనూరులో ఒక నేతగాళ్ల ఇంటి గృహప్రవేశం వచ్చింది. సింహలగ్నంలో అడుగుపెడితే ఆ ఇంట్లో స్థిరంగా ఉంటారని నమ్మకం. నాన్న ఎప్పుడూ చేత్తోనే లెక్క కట్టేవాడు. “ఇంకా ఆ కాగితాలేంటి నాన్నా” అని నేను ప్రాణం తీస్తే, మొదటిసారి ఫోన్ చూసి టైము చెప్పాడు. గొప్పగా నేనూ వెంట వెళ్లాను.

పాలగిన్నెతో గడప ముందు నిలబడిన ఇంటాయన కూతురు తన ఫోన్ చూసింది. అది రెండో రకం ఫోను. అందులో ఇదే యాప్‌ను నాన్నే వేయించాడు.

“సామీ, దీంట్లో ఇంకా కర్కాటకమే సూపిస్తాంది. సింహానికి ముక్కాల్గంట ఉందంట.”

నాన్న ఫోన్ లాక్కుని చూశాను. ఆ అమ్మాయి ఊరు చెప్పింది; నాన్న చెప్పలేదని ఇది కలకత్తా పెట్టుకుంది. అక్కడ మనకంటే చాలా ముందే తెల్లవారుతుంది, లగ్నాలూ ముందే వస్తాయి. ఊరు తెలియకపోతే ఏ ఫోన్‌లోనూ ఆగకుండా ఆఫీసున్న ఊరే తీసుకోమని మా పనిముట్టులో రాసింది నేనే. అందుకు మెచ్చుకున్నారు కూడా.

తప్పు నాదని చెప్పబోయాను.

“నువ్వు గమ్మునుండు తల్లీ,” అన్నాడు నాన్న. ఇంటాయన వైపు తిరిగి, “లెక్క నేను తప్పినానప్పా. ముక్కాల్గంట తాళండి,” అన్నాడు.

చుట్టాలంతా ఎండలో నిలబడ్డారు. “సామికి వయసైపాయె,” అని ఒకాయన పైకే అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మండి ఏం లాభం, ఆయన్ని ఆ మాట పడేలా చేసింది నేనే.

మర్నాడు ఆఫీసుకు రాస్తే, చిన్న విషయం, తర్వాత చూద్దాం అన్నారు. వాళ్లతో పోట్లాడి ఆ రోజే సరిచేశాను. ఇప్పుడు ఊరి పేరు చెప్పనిదే యాప్ కదలదు.

ఆ తర్వాత కూడా ఎవరైనా ముహూర్తానికి వస్తే నాన్న నా ముందే ఫోన్ తీసి చూసి చెప్పేవాడు. మళ్లీ నమ్మకం కుదిరిందని సంబరపడి ఒకరోజు అమ్మతో అన్నాను.

“కుదిరేదేంది? లోపల కాయితం మీద లెక్క కట్టుకున్నాకనే బయటికొస్తాడు,” అంది అమ్మ. “ఫోను తీసేది నువ్వు చూస్తావని.”