తడిపి చూసే మనిషి

ఏ గుంత ముందు కూర్చున్నా అక్క ముందుగా నీళ్ల సీసా మూత తీస్తుంది. తాను తాగదు. చెక్కిన నేల మీద చిలకరించి, రంగు తేలేదాకా చూస్తుంది. ఎండిన మట్టి అంతా ఒక్కలాగే ఉంటుంది. తడిస్తేనే, ఎప్పుడో గుంజ పాతిన చోటు నల్లగా కనబడుతుంది.

కొత్త కరెంటు లైను వచ్చే దారిలో, టవర్ల కాళ్లు దిగే చోటల్లా ముందే తవ్వి పాతకాలపు ఆనవాళ్లు వెతకడం ఆమె పని. ఏళ్ల తరబడి ఆమె గుంతల్లో ఏమీ దొరకలేదు. తోటివాళ్లు ‘ఖాళీ అక్క’ అని పేరు పెట్టారు. కానీ ఆమె లేదంటే లేనట్టే, ఎవరూ మళ్లీ చూసేవారు కాదు. ఆ పేరుకు ఆమె కూడా నవ్వేది, చెల్లెలు వచ్చేదాకా.

చెల్లెలిని పనిలో పెట్టించింది తనే. వచ్చీ రాగానే దానికి పాత పొయ్యి దొరికింది, ఆ వెనకే పూసల దండ. ఆఫీసరు చెల్లెల్ని పక్కన నిలబెట్టుకుని ఫోటో దిగాడు. అమ్మ ఆ ఫోటో ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చూపించి, “పెద్దదీ ఆ పనే చేస్తుందిలే,” అనేది. అక్కకు అన్నం సయించేది కాదు.

ఒక సాయంత్రం చెల్లెలు తన గుంతలో ఏమీ లేదని చెప్పి వ్యాన్ ఎక్కింది. పొద్దున్నే యంత్రం వచ్చి అక్కడ పునాది తీస్తుంది. తాపీలు ఏరుతున్న అక్క, చేయి ఊరుకోక, ఆ నేల మీద నీళ్లు చల్లింది. నల్లటి మచ్చలు ఒక్కొక్కటే తేలి గుండ్రంగా వరుస కట్టాయి. ఎవరిదో ఇల్లు.

ఇదీ దాని గుంతలోనేనా, అనుకుంది. కాలితో మట్టి నెట్టి కప్పేసింది.

వ్యాన్ దగ్గర ఆఫీసరు, నువ్వూ చూశావా అని అడిగాడు. చూశాననీ, ఏమీ లేదనీ చెప్పింది.

“ఖాళీ అక్క చెప్పింది, ఇక చాలు,” అన్నాడతను.

చెల్లెలు ఆమె భుజం మీద తల వాల్చింది. “ఇవాళ నేనూ ఖాళీయే అక్కా. నీ జట్టులో చేర్చుకుంటావా?”

అక్క కిటికీ వైపు తిరిగింది.

మర్నాడు అందరికంటే ముందే వచ్చి, కప్పిన మట్టి తీసి, సీసాడు నీళ్లూ పోసింది. మచ్చ మచ్చకీ మేకు పాతి, యంత్రానికి అడ్డంగా నిలబడింది. చెల్లెలు పరుగున వచ్చి, మేకుల వరుస చూసి గుంత అంచున కూర్చుంది.

“తడపకుండా చూశావు. నేను నిన్ననే చూసి కప్పేశాను,” అంది అక్క. “అయినా ఈసారి ఫోటోలో నేనూ ఉంటాను.”

చెల్లెలి చేతిలోని సీసా లాక్కుని, మూత తీసి, గటగటా తాగింది.