నాలుగు కిలోల మూడొందల దగ్గర

“పాప ఇక పెరగదేమో” అన్నాను.

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అన్నది కూడా ముక్కూ మొహం తెలియని మనిషితో. ఆవిడ తలెత్తలేదు. బల్ల మీద విప్పి పెట్టిన తూకం యంత్రాన్ని నూనెగుడ్డతో తుడుస్తూ, “ఎవరు చెప్పారు?” అని అడిగింది. ఆ గొంతులో జాలి లేదు, చెప్పినవాణ్ణి పట్టుకుని నిలదీయబోతున్నట్టుంది.

ఆవిడని మా పేటలో అందరూ కాటా పిన్ని అంటారు. అరవై దగ్గర పడింది. ఒక్క షట్టరు గదిలో కాటాలు బాగుచేస్తుంది. గోడ కొక్కేలకి పళ్లేలు, బిస్కెట్ డబ్బాల్లో సైజుల వారీగా స్ప్రింగులు, గుడ్డ కప్పిన పెట్టెలో తూకపురాళ్లు. ఆవిడ కోపం గురించి ముందే విన్నాను. కూరగాయల కొట్టు అతను “ఓ యాభై గ్రాములు అటూ ఇటూ అయితే ఏం కాదు పిన్నీ” అన్నందుకు అతని కాటా మూడు రోజులు దాచేసిందట. నాలుగో రోజు తమ్ముణ్ణి పంపిస్తే, కాటా బాగైంది గానీ మీ అన్న నోరింకా బాగవలేదని చెప్పి వెనక్కి తోలిందట.

నేను వెళ్లింది ఇంట్లో పెట్టుకోవడానికి పసిపిల్లల కాటా కొందామని. పాపకి పది వారాలు. పుట్టినప్పుడు రెండు కిలోల తొమ్మిదొందలు. ప్రతి వారం క్లినిక్‌లో తూచేవాళ్లు. ఆరో వారానికి నాలుగు కిలోల మూడొందలకి వచ్చింది. అక్కడే ఆగింది. ఏడో వారం అంతే, ఎనిమిదో వారం అంతే, తొమ్మిది, పది కూడా అంతే. రెండుసార్లు రక్తం తీశారు. రెండోసారి నరం దొరక్క మూడు చోట్ల పొడిచారు. నా బొటనవేలంత లేని చెయ్యి అది. సోమవారం పెద్దాసుపత్రిలో చేర్చాలని, ముక్కులోంచి గొట్టం వేసి పాలు పట్టాల్సి రావచ్చని డాక్టరు చెప్పాడు. నేను పిన్ని దగ్గరికి వెళ్లింది శుక్రవారం పొద్దున.

ఆ నాలుగు వారాలూ నాకు అందరూ చెప్పింది ఒకటే మాట: ఏం కాదు. పక్కింటివాళ్లు అన్నారు, ఆఫీసువాళ్లు అన్నారు. పాజిటివ్‌గా ఆలోచించమని ఫోనుకి పువ్వుల బొమ్మలు పంపారు. మన ఆలోచనలకి పిల్లలు బరువు పెరిగేటట్టయితే మా పాప ఈపాటికి పరుగులు పెట్టేది. మా అమ్మ కూడా ఏం కాదనే అంది. అంటూనే, పాలు చాలడం లేదేమో అని నా భార్యకి వినబడేలా అంది. ఆ రోజు నుంచి నా భార్య అన్నం కూడా ఎవరికో సంజాయిషీ ఇస్తున్నట్టు తినేది.

జేబులోంచి మడతపెట్టిన గ్రాఫు కాగితం తీసి బల్ల మీద పరిచాను. అడ్డంగా వారాలు, నిలువుగా బరువు. పిన్ని కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. గీత ఎక్కుతూ ఎక్కుతూ వచ్చి గోడకి కొట్టుకున్నట్టు ఆగిన చోట వేలు పెట్టింది.

“పిల్లలు ఇలా ఆగరబ్బాయ్. జబ్బు చేస్తే తగ్గుతారు, మెల్లగా పెరుగుతారు, పడి లేస్తారు. గీత గీసినట్టు ఆగేది స్ప్రింగు. తల్లి ఏమంటోంది?”

చెప్పడానికి సిగ్గేసింది. రెండు వారాల క్రితం నా భార్య, ఎత్తుకుంటే చెయ్యి లాగేస్తోంది, పెరగలేదంటావేంటి అని నన్ను నిలదీసింది. నిద్ర లేకపోతే కండరాలు అలిసిపోతాయి, అందుకే బరువనిపిస్తోందని నేను ఆమెకి వివరించాను. కూర్చోబెట్టి మరీ వివరించాను. ఇంట్లో ఉన్న పెద్దవాళ్ల కాటా మీద పాపతో ఒకసారి, పాప లేకుండా ఒకసారి నిలబడితే ఐదు కిలోల తేడా వచ్చింది. కిలో అటూ ఇటూ తెలియని యంత్రమని దాన్నీ కొట్టిపారేశాను. తర్వాత ఆమె ఇక ఆ మాట ఎత్తలేదు.

“ఏం చదివావు?” అంది పిన్ని.

కెమిస్ట్రీ అని, నీళ్ల పరీక్షల ల్యాబులో పనని చెప్పాను.

“అక్కడ కూడా ఇంతేనా?”

కోపం వచ్చింది. కానీ అక్కడ ఇలా కాదు. ల్యాబులో ప్రతి పొద్దునా మిషను ఆన్ చెయ్యగానే తక్కువ గాఢత ద్రావణం ఒకటి, ఎక్కువ గాఢతది ఒకటి పెట్టి, రెండు చోట్లా సరిగ్గా చూపిస్తేనే పని మొదలుపెడతాను. ఊళ్లోవాళ్లు తాగే నీళ్లకి నేను చూపించిన అనుమానం నా కూతురి విషయంలో చూపించలేదు.

పిన్ని షట్టరు దించింది. రాళ్ల పెట్టె నా చేతికిచ్చి, క్లినిక్‌కి పద, పడేశావంటే ఊరుకోనంది. దారిలో అడక్కుండానే చెప్పుకొచ్చింది. పని తండ్రి దగ్గర నేర్చుకుంది. ఆయనకి పక్షవాతం వచ్చి ఆరేళ్లు మంచాన ఉన్నాడు. ఇద్దరు తమ్ముళ్లు ఆదివారాలు పళ్లు పట్టుకొచ్చి, నాన్న లేచి తిరుగుతాడక్కా, నువ్వే దిగులు పెట్టుకుంటున్నావు అనేవాళ్లట. ఆయన్ని రోజుకి నాలుగుసార్లు ఎత్తి పక్కకి తిప్పేది ఈవిడ. చివరి ఏడాది ఆయన నెల నెలా తేలికైపోతున్నాడని చేతులకి తెలిసిపోయింది. చెప్తే డాక్టరు నవ్వాడు, తమ్ముళ్లు విసుక్కున్నారు. కడుపులో పుండు ఉందని తేలేసరికి చేసేదేం మిగల్లేదు.

“వాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఇప్పటికీ నాన్న బాగవుతాడనే నమ్మాం అక్కా అంటారు. నమ్మడానికేం, పడుకుని కూడా నమ్మొచ్చు” అంది. చెప్పి నడక పెంచింది. పెట్టె మోస్తూ నేను వెనకబడ్డాను.

క్లినిక్‌లో డాక్టరు లేడు, ఇంకో ఆసుపత్రికి వెళ్లాడు. నర్సు మమ్మల్ని చూసి ముందు నవ్వింది, సంగతి విన్నాక మొహం ముడుచుకుంది. రోజూ పొద్దున కిలో రాయి పెట్టి చూస్తున్నానని రిజిస్టరు తెచ్చి చూపించింది. నిజమే, రోజుకొక సంతకం, పక్కన ‘సరి’ అని. మూడు నెలలు దాటిన పిల్లలకి వేరే కాటా ఉందట.

“కిలో పిల్లలు ఎంతమంది వస్తారమ్మా నీ దగ్గరికి?” అంది పిన్ని.

పళ్లెంలో రాళ్లు పేర్చడం మొదలుపెట్టింది. ఒకటి పెడితే ముల్లు ఒకటి చూపించింది. రెండు, మూడు, నాలుగు దాకా తేడా లేదు. ఐదో రాయి పెట్టింది. ముల్లు నాలుగు దాటి, మూడొందల దగ్గర ఆగింది. ఆరోది పెట్టినా అక్కడే. పిన్ని రాళ్లు దించి, యంత్రాన్ని పక్కకి వంచి, పళ్లెం కింద సందులోకి వేళ్లు పోనిచ్చింది. చుక్కల మందు సీసా మూత ఒకటి బయటికి వచ్చింది. బరువుకి పళ్లెం కిందికి దిగి దిగి ఆ మూత మీద కూర్చుంటోంది. అక్కణ్ణుంచి ఎంత బరువు పెట్టినా ముల్లుకి తెలియదు.

తెల్ల మూత, వేలి గోరంత. దానికోసం మా పాపని నాలుగు చోట్ల పొడిచారు. నర్సుని అనడానికి మాటలన్నీ నోటి దాకా వచ్చాయి.

ఇంతలో ఆ అమ్మాయే అంది: “ఏం కాదులే పిన్నీ. వచ్చే వారం ఎలాగూ అందరూ వస్తారుగా, అప్పుడు మళ్లీ తూచేద్దాం.”

పిన్ని గొంతు పెంచలేదు. రిజిస్టరు ముందుకి లాక్కుని, నాలుగు కిలోల మూడొందలు అని రాసి ఉన్న పేర్లన్నిటి మీదా వేలు జరిపింది. తొమ్మిది.

“ఏం కాదా? వచ్చే వారం దాకా తొమ్మిది ఇళ్లలో తొమ్మిది మంది ఆడవాళ్లు బిడ్డకి కడుపు నింపలేని దాన్నని తమని తామే తిట్టుకుంటారు. తిట్టడానికి పక్కన ఇంకో నలుగురుంటారు. అది ఏం కాకపోవడమా? ఫోన్ చెయ్యి, ఇప్పుడే. తప్పు మిషనుదని చెప్పు. మీ పాలది కాదని కూడా చెప్పు. ఆ రెండో ముక్క మర్చిపోకు.”

నర్సు కళ్లనీళ్లు పెట్టుకుంది. పిన్ని మంచినీళ్ల గ్లాసు ఆమె వైపు జరిపి, “ఏడుస్తూ కూడా నెంబరు నొక్కొచ్చు” అంది. నేను నోరు తెరవబోతే, నువ్వు అనక్కర్లేదు, నీ ఇంట్లో నువ్వు చేసింది కూడా ఇదే, పో, పోయి వాళ్లని తీసుకురా అంది. నేను బయటికి వస్తుంటే మూడో ఫోన్‌లో నర్సుకి మళ్లీ ఏడుపొచ్చేసింది. పిన్నే ఫోన్ తీసుకుని, నేను కాటాలు బాగుచేసేదాన్నమ్మా అని మొదలుపెట్టింది. ఆ గొంతు అంత మెత్తగా ఉండగలదని నేను అనుకోలేదు.

ఇంటికెళ్లి జరిగిందంతా చెప్పాను. నా భార్య పాప బట్టలు మడతపెడుతూ విన్నది. “చెప్పాను” అంది. అంతే. వంటింటి గుమ్మంలోంచి మా అమ్మ, చూశావా, ఏం కాదని నేనన్లేదూ అంది. నువ్వు ఇంకో మాట కూడా అన్నావమ్మా, అది మాత్రం ఎందుకు గుర్తులేదని అరిచాను. ఆ అరుపులో సగం నన్ను నేను అరుచుకున్నదే. నా భార్య అప్పటికే చెప్పులేసుకుంది.

క్లినిక్‌లో పిన్ని ముల్లు కనబడకుండా కాటాకి అడ్డం నిలబడి ఉంది.

“ఎంతుంటుందమ్మా?” అని నా భార్యని అడిగింది.

“ఐదు దాటింది. ఓ వంద ఎక్కువే ఉంటుంది.”

పిన్ని తప్పుకుంది. పాపని పళ్లెంలో పడుకోబెట్టాం. ఐదు కిలోల రెండొందలు. నర్సు రెండుసార్లు చూసి రాసింది. సోమవారం ఆసుపత్రికి వెళ్లక్కర్లేదని డాక్టరు ఫోన్‌లో చెప్పాడు, ఇంకేమీ చెప్పలేదు. నా భార్య నవ్వలేదు. పాప చెయ్యి నా ముందుకి చాపి, ఇంకా కమిలి ఉన్న చోటు చూపించి, గుడ్డ కప్పేసింది. నా మీద ఆ కోపం చాలా రోజులుంది. ఉండాల్సిందే.

మా పాప బాగానే ఉందని నమ్మిన రెండో మనిషి కాటా పిన్ని. మొదటి మనిషి నా ఇంట్లోనే ఉంది.

పిన్ని రాళ్లు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో సర్దుకుంటూ, కాటా కొననక్కర్లేదంది. “ముందు మోసేవాళ్లనడుగు. వాళ్లు చెప్పింది రాసుకో. ఆ తర్వాత ముల్లు చూడు. రెండూ కలవకపోతే ముందు ముల్లుని అనుమానించు, మనిషిని తర్వాత.”

పాపకి ఇప్పుడు ఏడు నెలలు. తూకానికి బయల్దేరే ముందు నా భార్యనడుగుతాను. ఆమె చెప్పిన అంకె గ్రాఫు మీద పెన్నుతో పెడతాను. ముల్లు చెప్పింది పెన్సిలుతో.