టోపీ పిన్ని, పసుపు శాలువా

మా పాపకు నా ముఖం తెలియదేమో. ఏడు నెలలు నిండాయి. నేను వంగి పలకరిస్తే, నా భుజం మీదుగా ఫ్యాను కేసి చూసి నవ్వుతుంది. నేను చదివింది రసాయనశాస్త్రమైనా, పసిపిల్లల మెదడు గురించి దొరికిందల్లా చదివి, ఉన్న భయాన్ని రెట్టింపు చేసుకున్నాను. చివరికి, పిల్లలు ముఖాలను ఎలా చూస్తారో పరిశోధిస్తున్న ఒక ఆసుపత్రిలో పాప పేరు రాయించాను.

అక్కడ పరిచయమైంది టోపీ పిన్ని. పిల్లల తలకు తీగల టోపీ తొడిగి, మెదడులో పుట్టే సన్నటి విద్యుత్తును తెర మీద గీతలుగా పట్టడం ఆవిడ ఉద్యోగం. ఇరవై ఆరేళ్లుగా అదే పని. టోపీ కింద రాసే చల్లటి జెల్లు తగిలితే పిల్లలు జడుసుకుంటారని సీసాను కాసేపు చంకలో పెట్టుకుని వెచ్చబెడుతుంది.

విచిత్రమేమిటంటే, ఆవిడకే ముఖాలు గుర్తుండవు. పుట్టుకతోనే అంత. మనుషుల్ని గొంతుతో, నడకతో, బట్టలతో పోల్చుకుంటుంది. నన్ను ‘పసుపు శాలువా అమ్మాయి’గా గుర్తుపెట్టుకుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో సరదాకి తనే టోపీ పెట్టుకుని కూర్చుందట. ఎదుటి తెర మీద చూపించిన ముఖాల ఫొటోల్లో ఒక్కరినీ పోల్చుకోలేకపోయిందట. సొంత అక్క ఫొటో దగ్గర మాత్రం గీత ఎగిరిపడిందట.

“అంటే నా బుర్రకి తెలుసమ్మా, నాకే చెప్పదు. అచ్చం మా ఆయన లాగే,” అంది పాప చెవి పక్కన జెల్లు రాస్తూ.

పాప నా ఒళ్లో కూర్చుని ఫొటోలన్నీ చూసింది. నాది వచ్చినప్పుడు ఆవులించింది. ఒక్క బిడ్డ గీతల్ని బట్టి ఏమీ చెప్పలేమనీ, ఎంతోమందివి కలిపితేనే ఏదైనా తేలుతుందనీ డాక్టరుగారు అన్నారు. నా ప్రాణం ఉసూరుమంది.

తల కడిగి తెస్తానని పిన్ని పాపను తీసుకెళ్లింది. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. ఏసీ చలికి పక్కన ఇంకో బిడ్డ తల్లి వణుకుతుంటే నా శాలువా ఇచ్చాను. పిన్ని వచ్చి, నేరుగా శాలువా దగ్గరికి వెళ్లి, “ఇదిగోనమ్మా నీ బంగారం,” అని పాపను ఆ తల్లి చేతుల్లో పెట్టేసింది.

పాప ఆవిడ ముఖంలోకి చూసింది. కింది పెదవి వంకర తిరిగింది. అటూ ఇటూ వెతికింది. నేనింకా నోరు విప్పనేలేదు; నన్ను చూడగానే రెండు చేతులూ చాచి, వరండా అదిరేలా ఏడుపు అందుకుంది. బిడ్డ ఏడిస్తే అంతగా మురిసిపోయిన తల్లిని నేనేనేమో.

పిన్ని నాలుక కరుచుకుంది. మరి ఇంట్లో నన్నెందుకు చూడదని అడిగాను.

“ఫ్యాను తిరుగుతుంది, నువ్వు తిరగవుగా. ఈ మొహం ఎక్కడికి పోతుందిలే అని దాని ధీమా,” అంది.

బయల్దేరుతుంటే ఆవిడ చెప్పిన మాటనే ఇప్పుడు రోజూ పాటిస్తున్నాను: “నేనెవర్నో చెప్పు, గుర్తుపట్టావా అని పిల్లకి పరీక్షలు పెట్టకమ్మా. నన్ను జీవితమంతా అలా అడిగే చంపారు. గుమ్మంలోకి రాగానే ‘అమ్మని, వచ్చేశాను’ అని నువ్వే చెప్పెయ్.”