ఒటీలీ అత్త కింది పెదవి

మా కీలర్స్ బెండ్ నగర చరిత్ర ప్రధానంగా చిల్లుల చరిత్ర. మిసిసిపీ ఏటి అడుగున పడుకున్న ఆల్చిప్పల్ని పైకి లాగి, ఉడకబెట్టి, మర కింద పెట్టి గుండ్రంగా పొడిస్తే గుండీ ఊడివచ్చేది. గుండీలు రైలెక్కి దేశం మీదికి పోయేవి. చిల్లులు మాకు మిగిలేవి. ఆ చిల్లుల చిప్పలతోనే సందులు పరిచాం, గుంటలు పూడ్చాం, చర్చి వెనక దారి వేశాం. పొద్దున్నే ఏటి మీంచి పొగమంచు ఊళ్లోకి వచ్చినప్పుడు ఆ సందులు లోపల్నుంచి వెలిగేవి. నడుస్తున్నది నేల మీదో, మబ్బు మీదో కాళ్లకు తెలిసేది కాదు. పాతికేళ్లు మర దగ్గర నిలబడ్డవాణ్ణి. చరిత్రకు నా వంతుగా ఓ కోటి చిల్లులు సమర్పించుకున్నాను.

అంత సేవ చేసినా ఊరు చెప్పుకునేది నన్ను కాదు, ఒటీలీ బ్రాంట్‌ని. పద్నాలుగో ఏట ఫ్యాక్టరీ పైఅంతస్తు ఎక్కి, ఉత్తరపు కిటికీల కింద బల్ల ముందు కూర్చుని, నలభై ఏళ్లు గుండీలు ఏరింది. మెరుపును బట్టి ఏడు గిన్నెల్లో వేసేది. ఎనిమిదో రకం, అంటే నకిలీది, ఉందేమోనన్న అనుమానం వస్తే గుండీని కింది పెదవికి ఆనించి కళ్లు మూసుకునేది. చిప్ప అయితే చల్లగా తగిలేది. అప్పుడావిడ ముఖం చూస్తే ఏటి అడుగుదాకా వెళ్లి వచ్చినట్టుండేది. ఊళ్లో ఆడవాళ్లు మొగుళ్లు కొనిచ్చిన ముత్యాల దండలు పట్టుకొచ్చి ఆ పెదవికి చూపించేవారు. దాని ధర్మమా అని ఇద్దరు పెద్దమనుషులు కొన్నాళ్లపాటు వసారాలో పడుకున్నారు.

పందొమ్మిదివందల యాభై నాలుగు వేసవిలో ప్లాస్టిక్ గుండీలు మా గుమ్మందాకా వచ్చాయి. ఫ్యాక్టరీ యజమాని హార్లన్ ప్రూయిట్ ఆవిడ ఎత్తుకు తిప్పిన పిల్లాడే. పనివేళల్లో ఆవిణ్ణి "మిస్ బ్రాంట్" అనేవాడు, గొంతు తడబడినప్పుడు "అత్తా" అనేవాడు. ఆ రోజు పైకొచ్చి, ఏరే గదిలో ఉన్న పదకొండు మందికీ చెప్పాడు.

"షికాగో నుంచి ప్లాస్టిక్ గుండీలమ్మే ఆయన వస్తున్నాడు. ఆయన గుండీలకీ మనవాటికీ తేడా తేలితే ఈ గది ఉంటుంది. తేలకపోతే..." ఒటీలీ బల్ల వైపు తిరిగాడు. "అక్టోబర్‌కి మూసేస్తానత్తా."

ఒటీలీకి పరీక్ష కంపెనీ విందులో, ఏటి ఒడ్డున, ఊరంతా చూస్తుండగా. నూరు గుండీలు, సగం మావి, సగం ఆయనవి. పొద్దుణ్ణుంచీ ఆయన రేకుడబ్బా ఒకటి నిమ్మరసం తొట్టిలో మంచుగడ్డల మధ్య ఉండటం అందరం చూశాం. షికాగోలో ఏదైనా చల్లబెట్టే పుచ్చుకుంటారు కాబోలనుకుని మర్యాదకు ఊరుకున్నాం.

"పెదవి తుడుచుకోవే," అంది పక్కబల్ల వెర్నా, "లేకపోతే ఆలుగడ్డ సలాడ్‌ని కూడా మొదటి రకంలో వేసేస్తావు."

"నీ చేతి సలాడా? దానికి గిన్నె ఇంకా చెయ్యలేదు," అంటూ ఒటీలీ మొదటి గుండీ పెదవికి ఆనించింది. చల్లగా ఉంది. రెండోది చల్లన. పదోదీ చల్లనే. ఆవిడ చెయ్యి గుండీల పళ్లెం మీద ఆగింది. షికాగో ఆయన ఆకాశంలో పక్షుల్ని చూస్తున్నాడు.

ఒటీలీ తొట్టి వంక చూసింది. పళ్లెం మీద తుండుగుడ్డ కప్పి చెట్టునీడలోకి జరిపింది.

"ఆకలేస్తోంది," అంది.

సలాడ్ తింది, మొక్కజొన్న కంకి తింది. చెర్రీపండ్ల రొట్టె ఒక ముక్క తిని, ఆలోచించి, రెండోది తింది. ఏరు వెలుగులో కదలకుండా పడుకుంది. ఊరంతా ఆవిడ నములుతుంటే చూస్తూ నిలబడింది. ఆయన గుండీలకి మంచు ఇచ్చిన చలువ అరువుది, వదిలిపోయింది. అప్పుడు గుడ్డ తీసి ఒక్కొక్కటే పెదవికి తాకించింది. ఎడమకి యాభై, కుడికి యాభై. ఒక్కటి తప్పలేదు.

టోపీలు గాల్లోకి లేచాయి. వెర్నా ఏడ్చేసింది. హార్లన్ మాత్రం కదల్లేదు.

"అత్తా, ఈ చొక్కా చూడు. ఏడాదిగా వేసుకుని నీ బల్ల ముందే తిరుగుతున్నాను. గుండీలు ఆయనవే. నువ్వు కూడా కనిపెట్టలేదు."

ఆవిడ దగ్గరికొచ్చి మెడ దగ్గరి గుండీ చూసింది.

"నీ చొక్కాకి పెదవి ఆనించే వయసు నాకు దాటిపోయిందిరా."

అందరూ నవ్వారు. హార్లన్ కూడా నవ్వాడు. కానీ చొక్కా కొనేవాళ్లెవరూ పెదవికి ఆనించి కొనరన్న సంగతి ఆ నవ్వులోనే అందరికీ తెలిసిపోయింది.

అక్టోబర్ ఆఖరి శుక్రవారం, ఏరే గది మూసేసిన రోజు, ఒటీలీ కిందికి దిగి హార్లన్ గదిలోకి వెళ్లింది. నేను అక్కడ అరలు బిగిస్తున్నాను.

"చొక్కా విప్పు."

"ఆఫీసులోనా అత్తా?"

"మూడో ఏట బట్టల్లేకుండా ఏట్లో దిగితే లాక్కొచ్చింది నేనే. విప్పు."

విప్పాడు. మెడ దగ్గర గుండీ తెంపి, అందుకు బదులు జేబులోంచి చిప్ప గుండీ ఒకటి తీసి కుట్టింది. దారం పళ్లతో కొరికి, చొక్కా ఇచ్చి, మరో మాట లేకుండా వెళ్లిపోయింది.

హార్లన్ కిటికీ దగ్గర నిలబడి కింది నుంచి ఒక్కొక్క గుండీ పెట్టుకుంటూ వచ్చాడు. బయట పొగమంచు. చిప్పల సందులో ఒటీలీ నడుస్తోంది. ముందు చెప్పులు మాయమయ్యాయి, తర్వాత గౌను అంచు, తర్వాత బూడిదరంగు కోటు. ఆఖరి గుండీ పెట్టుకోగానే అది గొంతుకు తగిలినట్టుంది, ఆయన ఉలిక్కిపడ్డాడు.

"చల్లగా ఉందా?" అన్నాను.

ఆయన ఆ గుండీ తడిమాడు. మంచు విడిచేదాకా వేలు గొంతు దగ్గరే ఉంచి నిలబడ్డాడు. సోమవారం పైఅంతస్తులో ప్లాస్టిక్ గుండీల పెట్టెలు పేర్చాం.