అట్టలు కొట్టిన పెద్దమ్మ కూలీ కాదు

చదువు రానివాళ్లకు బుర్ర కూడా ఉండదని మీరు నమ్ముతారు. బుకాయించకండి. నేనూ నమ్మాను, కాగితం మీద రాశాను కూడా. ఆ రాత దిద్దిన వారానికి, మొన్న సోమవారం పొద్దున, సిరిసిల్లలో మా పక్కింటి పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చింది. ఏడుపు కంటే ముందు నాకు ఊపిరి ఆడింది. దిద్దాకే పోయింది, అది చాలు.

పెద్దమ్మ నలభై ఏళ్లు మగ్గాలకు అట్టలు కొట్టింది. గళ్ల కాగితం మీది చీర అంచు బొమ్మను చూస్తూ ఒక్కో అట్టకు చిల్లులు పొడిచి, వాటిని వరసగా దారంతో మాలలా కుట్టేది. ఆ మాలను బట్టే మగ్గం బొమ్మ నేస్తుంది.

"బొక్కుంటే దారం లేస్తది, లేకుంటే పంటది. గింతే కొడుకా" అనేది.

జగిత్యాల కాలేజీలో నేను ఆ ముక్కనే ఒకటీ సున్నా అంటూ గంటసేపు చెబుతాను. మగ్గం అట్టల నుంచి లెక్కల యంత్రాలకు, అక్కడి నుంచి కంప్యూటర్‌కు వచ్చిన దారిని బోర్డు మీద గీస్తాను. ఆ దారి మా పక్కింటి మీదుగా పోతుందని ఏనాడూ చెప్పలేదు.

ఒక సెలవు రోజు సాయం చేస్తానని కూర్చుని, ఒక అట్టను తిరగేసి కుట్టాను. మర్నాడు అంచు పొడుగునా నెమళ్లకు మెడలు తెగాయి! పెద్దమ్మ కళ్లు మూసుకుని మాల మీద వేలు నడిపి, సరిగ్గా నా అట్ట దగ్గర ఆపింది.

"గిదో, దొరికింది. సారూ, నీ దగ్గర సదివే పోరగాండ్లు బాగుపడుతున్నరా?"

నిరుడు ఆమె కార్మికుల కార్డుకు దరఖాస్తు నింపింది నేనే. చదువు: లేదు. పని: కూలీ. కార్డు వచ్చాక మనవరాలు చదివి వినిపించిందట. నన్ను పిలిపించింది.

"కూలీ అని ఎవలు రాసిండ్రు?"

"నేనే పెద్దమ్మా. ఫారంల గదే ఉండె."

"గీ అట్ట గూడ తిరగేసి కుట్టినవ్. నెమలినైతే దిద్దుకున్నం. మరి నన్ను?"

ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగానో. కంప్యూటర్‌లో అలాంటి పని పేరే లేదన్నారు. కంప్యూటర్‌కు తన తల్లి పేరే తెలియదా అని గొడవపడ్డాను. చివరికి 'ఇతర' అన్న గడిలో టైపు చేయించాను: మగ్గం అట్టలు కొట్టే పనిమంతురాలు.

కొత్త కార్డు చేతిలో పెడితే, అక్షరాల మీద వేలు నడిపింది.

"బొక్కలు లేకపాయె, ఎట్ల సదవాలెరా?" అని నవ్వింది. నేను చదివి వినిపించాను. "ఇగ వరసకు అచ్చింది" అన్నది.

నేను అడిగేవి ఇవి:

పని పేరును ఫారం నుంచి కాదు, మనిషి నోట విని రాయండి.

కంప్యూటర్ పాఠాన్ని సిరిసిల్ల మగ్గం దగ్గర మొదలుపెట్టండి.

పెద్దమ్మ కుట్టిన చివరి మాల ఆమె కిటికీకి వేలాడుతోంది. పొద్దున ఎండ ఆ చిల్లుల్లోంచి దిగి, ఆమె కూర్చున్న పీట మీద చుక్కలు పెడుతోంది. దాన్ని పాత సామాన్లకు వేయకండి.