ఎదురింటి అక్క ఇచ్చిన గోడ

నా చిన్నప్పుడు ఎన్నికలంటే గోడలే. శంషాబాద్ పక్కన మా ఊళ్లో మా పెద్దబాపు, అంటే మా నాయనకు అన్న, ఒక చిన్న పార్టీ మనిషి. ఇంటింటికీ వెళ్లి గోడ అడిగి, నీలిమందుతో గుర్తు వేసేవాడు. ఒకసారి ఆ పార్టీకి డిపాజిట్ కూడా దక్కలేదు. మర్నాడు పొద్దున్నే ఆయన బకెట్లో సున్నం కలిపి, కుంచె పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. గోడ ఇచ్చిన ప్రతి ఇంటి ముందూ ఆగి, తన గుర్తు మీద తనే సున్నం వేశాడు.

చాయ్ హోటల్ బల్ల మీద కూర్చున్న గెలిచినవాళ్లు ఊరుకుంటారా?

"ఏందే, ఇంట్ల పెండ్లి గిట్ల పెట్టుకున్నవా? సున్నాలేస్తున్నవ్!"

"పెండ్లి మీది. గోడలు మాత్రం మాయి కావు గద, సాఫ్ చేసి అప్పజెప్తున్న," అన్నాడు పెద్దబాపు.

ప్రతి ఇంట్లోంచీ ఎవరో ఒకరు బయటికొచ్చి తిట్టారు. ఎద్దు చచ్చిన రోజు పలకరించలేదని ఒక రైతు, పొలం తగాదాలో తన తరఫున మాట్లాడలేదని ఒక ముసలమ్మ. ఆయన కుంచె ఆడిస్తూ అన్నీ విన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఎందుకు పడుతున్నావని అడిగితే, "చేతుల పనుంటె నోరు లేవదు బిడ్డా. ఇయ్యాల తిట్లు తింటెనే మల్ల గోడ అడగనీకి మొకం ఉంటది," అన్నాడు.

మొన్న, ఈ 2014 ఫలితాల రోజు, ఢిల్లీ అంతా ఒకే పార్టీ నిండిపోయింది. నేను తల నెరిసేదాకా మోసిన చిన్న పార్టీకి టీవీలో పేరు కూడా లేదు. 'ఇతరులు' అనే డబ్బాలో కలిపేశారు. నిన్నటిదాకా మా జెండా పట్టిన కుర్రాళ్లే నా గేటు ముందు పటాకులు కాల్చారు. టికెట్లు అమ్ముకున్న మా నాయకులను తిట్టాను. గాలి ఎటు వీస్తే అటు వెళ్లిన ఓటర్లను తిట్టాను. చిన్న పార్టీలు పోతే పెద్దవాళ్లను నిలదీసేవాడే ఉండడని అరిచాను. ఆ మాట ఇప్పటికీ నిజమనే అనుకుంటున్నాను. ఇక ఎవరి గడపా తొక్కనని ఇంట్లో చెప్పేశాను.

అయితే ఎదురింటి అక్క గోడ మీద మా గుర్తు అలాగే ఉంది. ఆమె కొడుకులు గెలిచిన పార్టీలో తిరుగుతారు. అయినా నేనడిగితే కాదనలేక ఇచ్చింది. ఒక పొద్దున ఆమే నన్ను రోడ్డు మీద ఆపింది.

"తమ్మీ, గోడ అడిగేటప్పుడు కూసోని చాయ్ తాగి పోతివి. ఇప్పుడు కనవడితె మొకం దిప్పుతున్నవ్. నా కొడుకులు రోజూ ఆ గుర్తు జూసి నవ్వవట్టిరి. ఓడింది నువ్వా, నేనా?"

సున్నం తెచ్చాను. నేను వేస్తుంటే ఆమె అరుగు మీద కూర్చుని మొదలుపెట్టింది. ఎయిర్‌పోర్టుకు భూములు పోయినప్పుడు ఒక్క మీటింగ్ పెట్టి ఫొటో దిగి పోయానట. వాడకు నీళ్లు రాకపోతే ఫోన్ ఎత్తలేదట. పోయిన ఎన్నికల్లో ఓడాక మళ్లీ ఈ ఎన్నికలకే కనిపించానట. అన్నీ నిజాలే. జవాబులు మాత్రం నోటిదాకా వచ్చాయి.

"అందరి గోడలు ఖరాబ్ జేస్తివి గద తమ్మీ, నీ గోడ మీద రాసుకున్నవా?"

రాసుకోలేదు. కొత్త ప్రహరీకి మంచి తెల్ల రంగు వేయించాను, పాడవుతుందని మా కుర్రాళ్లను వద్దన్నాను. నా పార్టీకి నేనే గోడ ఇవ్వకుండా, ఓట్లు వేయలేదని జనాన్ని తిట్టాను.

కోపం తగ్గిందని చెప్పను. పటాకుల మోత ఇంకా చెవుల్లో ఉంది. పెద్దబాపు దగ్గర నేర్చుకున్నదాంట్లో నాకు మిగిలింది ఒక్కటే, ఎదురు చెప్పకుండా కుంచె ఆడించడం. ఎండ ఎక్కేసరికి ఆమె గోడ తెల్లబడింది. రోడ్డుకు అవతల నా గోడ మొదటినుంచీ తెల్లగానే ఉంది. బకెట్ ఎత్తుకుని తర్వాతి ఇంటికి నడిచాను.