వెనక సీట్ల గుడ్లు

మా ఆమె చెయ్యి మంచిదని అలియాబాద్‌ల సగం ఊరు అనేది. ఎవరింట్ల కోడి పొదుగుకు కూసున్నా పొద్దుగాల్నే మా ఇంటికి మనిషి వచ్చేది, "వదినా, జర వచ్చి గుడ్లు పెట్టిపోవా" అని. ఈమె కాళ్లు చేతులు కడుక్కొని, కొంగుకు తుడ్సుకొని పొయ్యి, గంపల గడ్డి మీద ఒక్కొక్క గుడ్డు పెట్టి వచ్చేది. మిగిలిన పనంత కోడిదే. అయినా పిల్లలన్నీ లేస్తే పేరు మా ఆమెకే. "కోడి మూడు వారాలు కదలకుంట కూసుంటే పేరు నీకా?" అని నేను నవ్వేటోన్ని. "నీకేం తెల్సు, చేతి గుణమంటరు దాన్ని" అని మూతి తిప్పేది. లోపల మాత్రం మస్తు మురిసేది.

ఆ ధైర్యంతోనే పోయినేడు పిల్లలు తీసే మిషిని తెచ్చుకున్నది. కోడి లేకుంటనే కరెంటు వేడికి గుడ్లు పిల్లలయితయి. ఆడది ఒక్కతి, ఇంట్లనే ఉండి, తన పేరు మీద తానొక పని పెట్టుకున్నదని వాడకట్టంత చెప్పుకున్నరు. మా అమ్మ అయితే మిషినికి కుంకుమ బొట్టు పెట్టింది.

గుడ్లేమో మా సడ్డకుడి తోట నుంచి వచ్చేటియి. మా ఆమె అక్కను ఇచ్చిన ఇల్లది, మేడ్చల్ అవతల. మామిడి చెట్ల కింద నాటుకోళ్లను, పుంజులను ఇడిసిపెట్టి పెంచుతడాయన. మిషిని ఖాళీ అయినంక వచ్చే ఆదివారం నేను కార్ల దాణా బస్తాలేసుకొని పోవాలె, ఆడ దించి, గుడ్ల అట్టలు వెనక సీట్ల పెట్టుకొని రావాలె. ఇదీ నా వంతు పని.

మా కారు పాతది, చిన్నది. వెనక షాకబ్జర్లు నూనె కారిపోయి సచ్చినయి. బస్తాలేస్తే వెనక కూలబడి, ప్రతి స్పీడ్ బ్రేకరు కాడ కింద గీక్కునేది. ఆ కారువే కొత్తయి కొని ఏస్తే ఒడిసిపోతుండె. కానీ నేను లేతు పనోన్ని. గాజులరామారం దగ్గర షెడ్డుల ఇన్నేండ్ల సంది ఇనుము తిప్పుతున్న. నాకు దుకాణంల వస్తువు కొని బిగిచ్చుడంటే చిన్నతనం.

మేడ్చల్ రోడ్డు మీద తుక్కు దుకాణంల ఒక పెద్దబండివి షాకబ్జర్లు కండ్లవడ్డయి. లావుగ, గట్టిగ, పెండ్లికొడుకు లెక్క ఉన్నయి. కింద బోల్టు దూరే కన్ను పెద్దది, మా కారు బోల్టు సన్నది. ఏమాయె? మధ్యల సరిపోయేటట్టు లేతు మీద బుష్‌లు తిప్పిన. పైన మర పొడుగెక్కువైతే వాషర్లేసి కూసోబెట్టిన. బిగిచ్చిన మెకానిక్ పిల్లగాడు "అన్నా, ఇవి పెద్దబండి బరువుకు జేసినయి. ఖాళీగ పోతే వెనక కొడ్తది" అన్నడు. "నువ్వు బిగియ్యరా బాబు" అన్న.

బస్తాలేసుకొని పోతే, అబ్బ, ఏం సాఫీగ పోయింది! గుంతల పడ్డా కింద తాకలే. మా సడ్డకుని తోటల బండి కిందికి వంగి వంగి ఆయనకు చూపిచ్చిన. "సూడన్నా, కంపెనీ ఇంజినీర్లకు గూడ రాని ఐడియా" అని ఎచ్చులు వడ్డ. ఆయన "నీ చెయ్యి మామూలు చెయ్యి కాదు తమ్మీ" అన్నడు. మా ఆమెకున్న పేరు నాకు గూడ వచ్చినట్టే అనిపిచ్చింది. వాపసు వచ్చేటప్పుడు వెనక దడదడ ఇనబడేది. గట్టివి గదా, గట్లనే ఉంటది అనుకున్న.

ఆ వారం పెట్టిన గుడ్లు సగానికి సగం లేవలే. కరెంటు పోయిందేమో అనుకున్నం. తర్వాత పెట్టినయి ఇంకా అన్యాయం. గిన్నెల కొన్ని పిల్లలు కియ్యకియ్యమంటుంటే, మిగిలిన గుడ్లన్నీ రాళ్ల తీరుగ పడున్నయి. మా ఆమె వాటిని ఇంటెనక్కు తీస్కపొయ్యి ఒక్కొక్కటి పగలగొట్టి సూసింది. కొన్నిట్ల ఏమీ లేదు. కొన్నిట్ల ఇంతంత కండ్లు కనబడుతున్నయి, ఆడికే ఆగిపోయినయి. వాసనకు నేను ముక్కు మూసుకున్న. ఆమె మూసుకోలే.

గా దినం మా సడ్డకుడు, వదిన మా ఇంట్లనే ఉన్నరు. పరువు పోతాందని నాకు ముక్కు మీదికి కోపమొచ్చింది. "చేతి గుణం లేదు, పాడు లేదు. నీకు ధ్యాస లేదు. ఫోన్ సూసుకుంట మిషిని మర్శినవ్" అని అందరి ముందట అన్న.  ఒకటంటే నాలుగనేటి మనిషి, కొంగు దోపుకొని చేతులు కడుక్కోను పోయింది. 

ఇగ ఆమెకు మిషినే లోకమైంది. గంటకోసారి వేడి సూసుడు, నీళ్లు సూసుడు. చేతులు సబ్బుతోని కడిగి కడిగి తోలు లేసింది. నూనె వాసనకు గుడ్లు పాడయితయేమోనని తలకు నూనె గూడ బంద్ జేసింది. మా అమ్మ చెడ్డ మనిషేం కాదు గని, ఒకనాడు ముద్ద కలుపుకుంట, "చేతి గుణం గూడ ఎప్పుడు ఒక్కతీరుగ ఉండదు బిడ్డా" అన్నది. ఆ తర్వాత వాడకట్టుల కోడి పొదుగుకు కూసుంటే మా ఇంటికి మనిషి వచ్చుడు తగ్గింది. ఎవ్వరూ ఏమనలే, రాలే. గంతే.

మళ్ల గుడ్లు తెచ్చే ఆదివారం ముందు షెడ్డుల ఇనుప పెచ్చు తాకి నా బొటనవేలు తెగింది. కట్టు కట్టుకొనే తోటకు పోయిన, కానీ గేరు పట్టరాక తిరిగొచ్చేటప్పుడు మా సడ్డకుడే నడిపిండు. వదినకు వెనక కూసుంటే కక్కొస్తది, ఆమె ముందట కూసున్నది. గట్ల నేను గుడ్ల అట్టలు ఒళ్లె పెట్టుకొని, ఆ షాకబ్జర్లు బిగిచ్చినంక మొదటిసారి నా కారు వెనక సీట్ల కూసున్న.

మేడ్చల్ దాటంగనే తెలిసింది. రోడ్డు మీద చిన్న గీత ఉన్నా వీపుల గుద్దినట్టు తాకుతాంది. ఫంక్షన్‌హాల్ ముందట స్పీడ్ బ్రేకరు కాడ నేను, గుడ్లు ఒక్కసారే లేసినం, తలకాయ పైకి తాకింది. కంకర లారీలు తిరిగి తిరిగి పాడైన రోడ్డు షామీర్‌పేట దాకా. గుడ్లు అట్టలల్ల గలగలలాడుతున్నయి. ఒక్కటి గూడ పగలలే, పగిలితే మొదటి వారమే తెలుస్తుండె గదా.

చిన్నప్పుడు మా అవ్వ పొదుగు గుడ్ల కోసం నన్ను పక్కింటికి తోలేది. గిన్నెల తవుడు పోసి, గుడ్లు అండ్ల గుచ్చి, "ఉరకకు కొడుకా, గుడ్డు కుదిలితే లోపల పిల్ల కూసోదు" అనేది. నాకు తెల్సు. చిన్నప్పటి సంది తెల్సు. ఇనుము సంగతి తెల్సినోన్ని, గుడ్డు సంగతి తెల్సినోన్ని, రెంటినీ ఒక్క కార్ల పెట్టి నడుపుకుంట మురిసిన.

ముందట మా సడ్డకుడు అద్దంల సూసి, "ఏం తమ్మీ, గట్లున్నవేంది?" అన్నడు. "వేలు గుంజుతాంది" అన్న.

ఇంటికొచ్చినంక చెప్పాలె. చెప్పలే. ధ్యాస లేదని నేను తిట్టింది ఆ ఇద్దరి ముందటనే. నా ఐడియా అని గొప్పలు చెప్పింది ఆయనకే. తేలు కుట్టిన దొంగ తీరుగ గుడ్లు దించి ఊకున్న. పోయినసారి అన్ని కాకున్నా కొన్నన్న అయినయి గదా, ఈసారి గూడ అయితయి, తర్వాత నిమ్మళంగ చెప్త అనుకున్న. మా ఆమె తానం జేసి, మిషిని ముందట దీపం పెట్టి, పసుపు చేతులతోని ఆ గుడ్లు పెట్టుకుంట పెదవులు కదిలిస్తాంది. మొక్కుతాంది. కుదిలిన గుడ్లకు మొక్కుతాంది, నేను గడప మీద నిలబడి సూస్తున్న. ఆ మూడు వారాలు ఆమె చీకటి అర్రల టార్చి పెట్టి గుడ్లు సూసి, "ఈటిల ఎర్ర నరాలు కనబడ్తలేవు, ఎందుకయ్యా?" అని నన్నే అడిగేది. "ఇంకా టైముంది తియ్" అనేటోన్ని. నా నోట్లె మన్ను వడ.

ఒక్కటి గూడ లేవలే.

ఈసారి ఆమె పగలగొట్టి గూడ సూడలే. నేనే తీస్కపొయ్యి బొంద పెట్టిన. మర్నాడు పనికి నాగ వెట్టి, మా కారువే కొత్త షాకబ్జర్లు తెచ్చి ఏసిన. నేను తిప్పిన బుష్‌లు, ఆ పెద్దబండివి షాకబ్జర్లు తానాల అర్ర వెనక పారేసిన. అడిగితే "పాడయినయి" అన్న. నాకు ఒక్కటే ఆశ. ఇగ గుడ్లు కుదలకుంట వస్తయి, ఆమె పెడ్తది, పిల్లలన్నీ లేస్తయి, పేరు దానంతలదే తిరిగొస్తది. నేను నోరు తెర్వనే అక్కర్లేదు. ఏం తెలివి!

అట్టల కింద తవుడు సంచి పరిసి, సైకిలు మీద పోయే ముసలాయన గూడ నన్ను దాటిపోయేటట్టు నడుపుకుంట గుడ్లు తెచ్చిన. మిషిని తెరిసిపెట్టి పిలిసిన. మా ఆమె తలుపు కాడనే నిలబడ్డది. రెండు చేతులు వెనక్కు పెట్టుకున్నది.

"ఈసారి నువ్వు పెట్టయ్యా" అన్నది.

"నేనెందుకు? నువ్వే పెట్టాలె."

"వద్దు. నాది తాకితే పాడయితయి. నీ చెయ్యి మంచిది, పెట్టు."

గప్పుడన్న చెప్తే అయిపోతుండె. మా అమ్మ పక్కనే ఉన్నది, "పెట్టురా, ఆమె అంటాంది గద" అన్నది. పెట్టిన.

మూడు వారాలకు మిషిని నిండ పిల్లలే. కియ్యకియ్యమని ఒకటే లొల్లి. వాడకట్టు ఆడోళ్లంత వచ్చి సూసి, "అయ్యో, ఇన్నొద్దుల సంది ఈయనను పెట్టుమనకపోతిరి" అన్నరు. మా ఆమె నవ్వుకుంటనే, "నా చేతిల లేదక్కా, ఈయన చేతిల ఉన్నది" అని అందరికి చెప్పింది. నిజంగనే సంబురపడుకుంట చెప్పింది, అదే నాకు కత్తి. రెండు దినాలకు పక్కింటామె వచ్చి, "అన్నా, మా కోడి కూసున్నది, జర వచ్చి గుడ్లు పెట్టిపోవా" అని నన్ను పిలిసింది. మా ఆమె పొయ్యి కాడ నుంచి తలెత్తలే.

ఇగ ఆగలేకపోయిన. పక్కింటామెను పంపిచ్చి, మా ఆమెను తానాల అర్ర వెనక్కు తీస్కపొయ్యి, ఆ షాకబ్జర్లు చూపిచ్చి అంత చెప్పిన. బుష్ తిప్పింది, మెకానిక్ అన్నది, వెనక సీటు, అవ్వ మాట, అంత. తిడ్తదనుకున్న, కొట్టినా మంచిదే అనుకున్న.

ఆమె ఆ ఇనుమును కాలి వేలుతోని కదిపి సూసింది. "నాకు ధ్యాస లేదన్న దినం నీకు తెల్సా?" అని అడిగింది.

"లేదు. నీ మీద ఒట్టు."

"నేను దీపం పెట్టి మొక్కిన దినం?"

తల దించుకున్న. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఇంట్లకు పోయింది.

నాలుగొద్దులు నాకు కంచం పెట్టి అవతలికి పోయేది. ఆదివారం గుడ్లు తెచ్చి, మిషిని తెరిసి, అందరికి ఇనబడేటట్టు, "తప్పు నాది. ఆమె చేతిది గాదు. ఇగ ఆమెనే పెడ్తది" అన్న. మా అమ్మ, పక్కింటామె మొకాలు సూసుకున్నరు. మా ఆమె వచ్చింది. చేతులు కడుక్కొని, కొంగుకు తుడ్సుకొని, అట్టల నుంచి ఒక గుడ్డు తీసి పట్టుకున్నది. ఆ చెయ్యి మిషిని అంచు దాకా పొయ్యి ఆగింది. ఆ గుడ్డు మళ్ల అట్టల పెట్టింది.

"నువ్వు చెప్పింది నాకు సమజయింది" అన్నది. "ఈ చేతికే సమజ్ అయితలేదు. నువ్వే పెట్టు."

పెట్టిన. ఈసారి గూడ పిల్లలు మంచిగనే అయినయి.